ఆఖరి 200 అడుగులు: తెర మీద రన్‌వే, బయట పొగమంచు

సంక్రాంతికి అటూ ఇటూ వారాల్లో గన్నవరం పేరు పొద్దుటి వార్తల్లో తరచూ వినిపిస్తుంది. చుట్టూ పొలాలు, కాలువలు. తెల్లవారేసరికి మంచు కమ్మేస్తుంది. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చిన విమానం పైన చక్కర్లు కొడుతుంది. కాసేపు చూసి, మంచు విడవకపోతే వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోతుంది. ఆ వార్త చదివినప్పుడల్లా చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఆటో డ్రైవర్ ఫోన్‌లోని జీపీఎస్ సందు చివర ఇల్లు దాకా చూపిస్తోంది. కొన్ని కాక్‌పిట్‌లలో అయితే కొండలు, లోయలు, రన్‌వే అన్నీ పట్టపగలు చూసినట్టు తెర మీద గీసి చూపించే సింథటిక్ విజన్ కూడా ఉంది. ఇన్ని ఉన్నా మంచులో దిగడానికి ఏమిటి అడ్డు?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. విమానయాన నియంత్రణ సంస్థలు ఇరవై ఏళ్లకు పైగా తలమునకలవుతున్న ప్రశ్న ఇదే. సింథటిక్ విజన్ తెర మీద కనపడేది విమానం ఆ క్షణాన చూస్తున్న దృశ్యం కాదు, విమానానికి గుర్తున్న దృశ్యం. చూపుకీ జ్ఞాపకానికీ ఉన్న ఈ తేడా 30,000 అడుగుల ఎత్తులో పెద్దగా పట్టించుకోవాల్సింది కాదు. 200 అడుగుల దగ్గర మాత్రం అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ 200 అడుగుల దగ్గర ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. జెట్ విమానం 3 డిగ్రీల వాలులో రన్‌వే వైపు దిగుతుంది. వేగం 140 నాట్లు అనుకుంటే సెకనుకు 72 మీటర్లు ముందుకు, 12 అడుగులు కిందికి వస్తుంటుంది. రన్‌వే దగ్గర నుంచి వెలువడే రేడియో కిరణాలను పట్టుకుని దిగే పద్ధతి ఐఎల్‌ఎస్. అందులో మామూలు స్థాయి క్యాట్-1. ఈ స్థాయిలో నేల నుంచి 200 అడుగుల ఎత్తు వరకు పరికరాలను నమ్ముకుని రావచ్చు. అక్కడికి చేరగానే కాక్‌పిట్‌లో "మినిమమ్స్" అని వినిపిస్తుంది. ఆ మాట చెవిన పడేసరికి అద్దంలోంచి అప్రోచ్ లైట్లో, రన్‌వే దీపాలో కంటికి ఆనాలి. ఆనకపోతే ఇంజిన్లకు పవర్ పెంచి పైకి లేచిపోవాలి. దాన్నే గో-అరౌండ్ అంటారు.

ఆ ఎత్తులో రన్‌వే మొదలు ఇంకా సుమారు 870 మీటర్ల దూరంలో, అంటే 12 సెకన్ల దూరంలో ఉంటుంది. క్యాట్-1 ల్యాండింగ్‌కి రన్‌వే మీద కనీసం 550 మీటర్ల దూరం కనపడాలి. 870 మీటర్ల అవతల ఉన్నది 550 మీటర్ల చూపులో కనపడదు కదా అనిపిస్తుంది. అందుకే రన్‌వేకి ముందు 900 మీటర్ల పొడవున అప్రోచ్ లైట్ల వరస పరుస్తారు. పైలట్‌కి మొదట కనపడేవి ఆ లైట్లే. వాటి వెంట వస్తే రన్‌వే తనంతట తానే మంచులోంచి బయటపడుతుంది. చూసిన దాన్ని పోల్చుకోవడం, ఇది మన రన్‌వేనే అని తేల్చుకోవడం, పక్కకు జరిగి ఉంటే సరిచేసుకోవడం, ముక్కు కాస్త ఎత్తి చక్రాలు మెల్లగా ఆనించడం, ఇదంతా పదిహేను, ఇరవై సెకన్ల లోపల అయిపోవాలి.

క్యాట్-2లో ఈ ఎత్తు 100 అడుగులకు, చూపు 300 మీటర్లకు తగ్గుతుంది. ఢిల్లీలో ఉన్న క్యాట్-3బి స్థాయిలో 50 మీటర్లు కనపడినా దిగుతారు. ఆ వేగంలో 50 మీటర్లు అంటే సెకను కూడా కాదు. కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి కదిలేలోపు విమానం అక్కడ ఉండదు. అందుకని క్యాట్-3లో విమానాన్ని దించేది ఆటోపైలటే. చూపు ఎంత దూరం ఆనుతోందో కొలిచేది మనిషి కాదు, రన్‌వే పక్కన నిలబెట్టిన పరికరం. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ తయారుచేసి మన విమానాశ్రయాల్లో పెట్టిన అలాంటి పరికరానికి పెట్టిన పేరు "దృష్టి". ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

చూపు లేకుండా ఎగరడం అన్న ఆలోచన పాతదే. 1929 సెప్టెంబర్ 24న అమెరికాలోని లాంగ్ ఐలండ్ మీద, మిచెల్ ఫీల్డ్‌లో, జిమ్మీ డూలిటిల్ అనే ఆర్మీ పైలట్ కాక్‌పిట్ మీద ముసుగు కప్పించుకుని, బయటకు ఏమీ చూడకుండా విమానం లేపి, ఒక చుట్టు తిరిగి, దింపాడు. ముందు సీట్లో ఆపదకు ఆదుకోవడానికి ఇంకో పైలట్ ఉన్నా అతను చెయ్యి వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు డూలిటిల్ ముందున్న పరికరాల్లో రెండిటిని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి స్పెర్రీ కంపెనీ చేసిన కృత్రిమ దిగంతం, అంటే ఆకాశం ఎటు, నేల ఎటు అని చూపించే గైరో పరికరం. రెండోది కోల్స్‌మన్ ఆల్టిమీటర్, ఎత్తును ఎప్పటికన్నా కచ్చితంగా చెప్పిన గడియారం లాంటి పరికరం. కోల్స్‌మన్ పేరు ఈ కథలో డెబ్బై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

డూలిటిల్ తర్వాత పైలట్లు ఏడెనిమిది దశాబ్దాల పాటు ఇంచుమించు అదే బొమ్మ చూశారు. పైన నీలం, కింద గోధుమ రంగు, మధ్యలో గీత. నీలం ఆకాశం, గోధుమ నేల. ఆ గోధుమ రంగులో కొండ ఉందా, సముద్రం ఉందా, ఊరుందా అన్నది ఎక్కడా ఉండదు. కొండ ఎక్కడుందో చార్ట్ చూసి, తామెక్కడున్నామో పరికరాలు చూసి, రెండిటినీ మనసులో కలుపుకుని ఊహించుకోవాలి. అలసిపోయిన రాత్రి, టెన్షన్‌లో, ఆ ఊహ తప్పితే ఏమవుతుందో 1995 డిసెంబర్ 20న తెలిసింది.

మయామి నుంచి కొలంబియాలోని కాలి నగరానికి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 అది. బోయింగ్ 757, అందులో 163 మంది. అప్పటికే ఆలస్యమైంది. నేరుగా దిగిపోతారా అని కంట్రోలర్ అడిగితే సరే అన్నారు. దానితో హడావిడిగా దిగడం, దారి మార్చుకోవడం మొదలైంది. దారిలో రోజో అనే రేడియో గుర్తు ఉంది. ఫ్లైట్ కంప్యూటర్‌లో ఆర్ అనే ఒక్క అక్షరం కొట్టి, వచ్చిన జాబితాలో మొదటి దాన్ని ఎంచుకున్నారు. అది రోజో కాదు, ఎక్కడో బొగొటా దగ్గరున్న రోమియో. ఆటోపైలట్ చెప్పినట్టే విని విమానాన్ని ఎడమకు తిప్పింది. లోయ మధ్యలో ఉండాల్సిన విమానం చీకట్లో కొండల వైపు మళ్లింది. తప్పు గ్రహించి వెనక్కి తిప్పుకునే లోపు, నేల దగ్గరపడుతోందని హెచ్చరిక మోగింది. ఢీకొనడానికి అప్పటికి మిగిలింది పన్నెండు సెకన్లు. పవర్ మొత్తం ఇచ్చి ముక్కు పైకెత్తారు గాని, దిగడానికి తెరిచిన స్పీడ్ బ్రేక్‌లు, అంటే గాలికి అడ్డం లేచే పలకలు, రెక్కల మీద అలాగే ఉండిపోయాయి. 159 మంది చనిపోయారు. నలుగురు బతికారు.

ఆ రాత్రి పొగమంచు లేదు. వాతావరణం బాగానే ఉంది. విమానంలో చిన్న లోపం కూడా లేదు. చీకట్లో కొండ కనపడలేదు, అంతే. చక్కగా పనిచేస్తున్న విమానాన్ని పైలట్లు తెలియకుండానే నేలకు గుద్దేయడం విమానయానంలో ఎన్నో ఏళ్లుగా అత్యధిక ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో ఒకటి. కాలి ప్రమాదం తర్వాత రెండు దారుల్లో పని సాగింది. ఒకటి హెచ్చరిక. డాన్ బేట్‌మన్ అనే ఇంజినీర్ బృందం ప్రపంచపు కొండల ఎత్తుల పట్టికను, సోవియట్ యూనియన్ కూలిపోయాక బయటికొచ్చిన సైనిక పటాలతో సహా, కొని కూడబెట్టి విమానంలోకి ఎక్కించింది. ముందు కొండ ఉంటే నిమిషం ముందే అరిచి చెప్పే పరికరం అలా వచ్చింది. ఇవాళ పెద్ద విమానాలన్నిట్లో అది ఉంటుంది. దాని వల్ల దక్కిన ప్రాణాలకు లెక్క కట్టడం కష్టం.

రెండో దారి ఇంకా ముందుకెళ్లింది. అరిచి చెప్పేదాకా ఎందుకు, కొండను మొదటి నుంచీ కళ్ల ముందు పెడితే సరిపోదా అన్నది ఆ ఆలోచన. నాసా 1990ల చివర్లో ఈ పని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2001లో కొలరాడోలో కొండల నడుమ ఇరుక్కుపోయినట్టుండే ఈగిల్-వేల్ విమానాశ్రయానికి తన బోయింగ్ 757ని తీసుకెళ్లి పరీక్షించింది. అదే విమానాశ్రయం నమూనాతో సిమ్యులేటర్‌లో చేసిన ఒక ప్రయోగం మాత్రం విడిగా చెప్పుకోవాలి. పదహారు మంది పైలట్లు. ఒక్కొక్కరినీ ఇరవైకి పైగా సార్లు ఎగరనిచ్చారు. అంతా మామూలే. ఆఖరి సారి మాత్రం, ముందుగా చెప్పకుండా, దారి చూపించే గుర్తులను కొండ మీదికి వెళ్లేలా మార్చేశారు. సింథటిక్ విజన్ తెర ఉన్న పన్నెండు మందీ తేడా గమనించి తప్పించుకున్నారు. అది లేకుండా ఎగిరిన నలుగురూ కొండను ఢీకొన్నారు. ఆ నలుగురి ముందూ రేడియో తరంగాలతో నేల నుంచి ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ ఉంది, నేల ఎత్తును పక్క నుంచి చూపించే ఇంకో తెర కూడా ఉంది. సమాచారం లేక కాదు, అది బొమ్మగా కళ్లకు కట్టక తప్పు జరిగింది. సింథటిక్ విజన్‌కి ఇంతకన్నా బలమైన సాక్ష్యం మరొకటి లేదు.

ఆ తెర ఎలా ఉంటుందంటే, నీలం-గోధుమ చోటు అలాగే ఉంటుంది, కాని గోధుమ రంగు మైదానానికి ప్రాణం వచ్చినట్టు కొండలు లేస్తాయి, లోయలు దిగుతాయి, నదులు, చెరువులు నీలంగా మెరుస్తాయి. దిగంతపు గీత మాత్రం అన్నిటి మీదుగా సన్నగా, తెల్లగా సాగుతుంది. ఆ గీత కన్నా పైకి లేచిన కొండ అంటే విమానం కన్నా ఎత్తున్న కొండ. లెక్కలేమీ అక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది. చిన్న విమానాల్లో 2008 నుంచి వస్తున్న గార్మిన్ తెరలో, విమానానికి కింద 1000 అడుగుల లోపున్న నేల పసుపు రంగులోకి, 100 అడుగుల లోపున్నదీ, విమానం కన్నా ఎత్తున్నదీ ఎరుపులోకి మారుతుంది. రన్‌వే చుట్టూ గీత, దాని మీద నంబర్. ఇవన్నీ ఒకెత్తు, మధ్యలో కదిలే ఒక చిన్న గుండ్రటి గుర్తు ఒకెత్తు. విమానం ముక్కు ఎటు ఉందో కాదు, విమానం నిజంగా ఎటు పోతోందో ఆ గుర్తు చెబుతుంది. పక్క గాలి బలంగా వీస్తుంటే ముక్కు ఒకవైపు ఉంటుంది, ప్రయాణం ఇంకోవైపు ఉంటుంది. ఆ గుర్తును రన్‌వే మొదట్లో నిలిపి ఉంచితే విమానం అక్కడికే వెళ్తుంది. అది కొండ మీద పడిందంటే విమానం కొండ మీదికి పోతోందనే అర్థం. కాలి విమానంలో ఆ గుర్తు ఉండి ఉంటే అన్న ఆలోచన రాక మానదు.

ఇంత మంచి బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తేనే దాని హద్దులు తెలుస్తాయి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 60 మీటర్ల పొడవైన బూమ్ చాచి, 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. ప్రపంచ నేలలో 80 శాతం ఆ కొలతలో పడింది. ఈ రకం ఎత్తుల పట్టికే బొమ్మకు పునాది. అందులో తాను ఎక్కడున్నానో విమానం జీపీఎస్ వల్ల తెలుసుకుంటుంది, ఎటు వాలి ఉన్నానో గైరోల వల్ల తెలుసుకుంటుంది. ఈ మూడూ కలిస్తే కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. మొత్తం పనిలో బయటి ప్రపంచాన్ని అప్పటికప్పుడు చూసేది ఒక్కటీ లేదు.

రాత్రి కరెంటు పోయినప్పుడు సొంతింట్లో నడిచినట్టు ఉంటుంది ఇది. మంచం ఎక్కడ, గడప ఎక్కడ, వంటింటి తలుపు ఎక్కడ, కాళ్లకే తెలుసు. తడుముకోకుండా వెళ్లి అగ్గిపెట్టె తెచ్చుకోవచ్చు. కాని సాయంత్రం ఎవరో స్టూలు తెచ్చి దారిలో పెట్టి ఉంటే కాళ్లకు ఆ సంగతి తెలియదు. సింథటిక్ విజన్‌కి కూడా కొత్తగా లేచిన క్రేన్ తెలియదు. రన్‌వే మీద ఆగిపోయిన వ్యాను తెలియదు. పొరపాటున రన్‌వే ఎక్కిన ఇంకో విమానాన్ని అది తనంతట తాను చూడలేదు. కుక్క అడ్డం వచ్చినా అంతే. తెర మీద మాత్రం రన్‌వే నున్నగా, ఖాళీగా, ఎండలో మెరుస్తున్నట్టు కనిపిస్తూనే ఉంటుంది. అసలు భయపడాల్సింది దీనికే. పరికరం పాడైతే ఎర్ర గుర్తు వస్తుంది, తెర ఆరిపోతుంది, పైలట్ జాగ్రత్తపడతాడు. జ్ఞాపకం తప్పినప్పుడు మాత్రం బొమ్మ అంతే అందంగా ఉంటుంది.

కొలతల సంగతీ ఉంది. ఎండెవర్ కొలతకు పెట్టుకున్న ప్రమాణం ఏమిటంటే ఎత్తులో తప్పు 16 మీటర్లు దాటకూడదు. ఆకాశం నుంచి ఇంత నేలను 11 రోజుల్లో కొలవడానికి అది అద్భుతమైన ప్రమాణం. కాని 16 మీటర్లంటే 52 అడుగులు. దిగే విమానం రన్‌వే మొదలును దాటేటప్పుడు ఉండే ఎత్తు 50 అడుగులు. అడవి దట్టంగా ఉన్నచోట రాడార్ కొలిచింది నేలను కాదు, చెట్ల తలలను. నిజమే, రన్‌వే కొలతలు ఇందులోంచి రావు. వాటిని విడిగా, చాలా కచ్చితంగా సర్వే చేస్తారు. అందుకే తెర మీద రన్‌వే సాధారణంగా సరిగ్గానే ఉంటుంది. కాని "సాధారణంగా" అన్న మాట మీద వందల ప్రాణాలు పెట్టి నేలను తాకలేరు. రేడియో ఆల్టిమీటర్ కొలిచే అసలు ఎత్తును పట్టికలోని ఎత్తుతో ఎప్పటికప్పుడు సరిచూసి, తేడా వస్తే హెచ్చరించే పద్ధతులను పరిశోధకులు అభివృద్ధి చేయడానికి కారణం ఇదే.

ఇంకో ప్రమాదం మనిషి కంటిలో ఉంది. సింథటిక్ విజన్ ఎక్కువగా కింద డాష్‌బోర్డు తెర మీద ఉంటుంది. పైలట్ తల దించుకుని ప్రకాశవంతమైన రన్‌వే చూస్తూ వస్తాడు. 200 అడుగుల దగ్గర తల ఎత్తుతాడు. ఎదురుగా బూడిద రంగు. చేయి చాపినంత దూరంలోని తెర మీద అలవాటుపడిన కన్ను దూరానికి సర్దుకోవాలి, దీపాలను వెతకాలి, ఇప్పటిదాకా చూసిన రన్‌వేకీ వీటికీ పొంతన కుదుర్చుకోవాలి. అప్పటికే రెండు, మూడు సెకన్లు అంటే ముప్పై అడుగులు పోయాయి. పైగా తెర మీద అంత స్పష్టంగా కనపడుతున్నప్పుడు, ఇంకో యాభై అడుగులు దిగి చూద్దాం అన్న కోరిక పుట్టడం సహజం. మినిమమ్స్ దగ్గర గో-అరౌండ్ చేయాలన్న నియమానికి ఉన్న బలమంతా ఆ కోరికకు చోటివ్వకపోవడంలో ఉంది.

అందుకే అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ రెండు రకాల తెరల మధ్య గట్టి గీత గీసింది. జ్ఞాపకం నుంచి గీసిన బొమ్మను చూసి 200 అడుగుల కిందికి రాకూడదు. కెమెరా అప్పటికప్పుడు చూసి చూపించిన బొమ్మను, అదీ తల ఎత్తి చూసే గాజు పలక హెడ్-అప్ డిస్‌ప్లే మీద చూస్తూ రావచ్చు. కోల్స్‌మన్ పేరు మళ్లీ వచ్చేది ఇక్కడే. డూలిటిల్‌కి ఆల్టిమీటర్ ఇచ్చిన ఆ పేరుతోనే ఉన్న కంపెనీ, గల్ఫ్‌స్ట్రీమ్ బిజినెస్ జెట్ ముక్కులో పెట్టే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కెమెరాను తయారుచేసింది. 2001లో దానికి అనుమతి వచ్చింది. 2004లో మారిన నియమాలతో అలాంటి కెమెరా బొమ్మ చూస్తూ 100 అడుగుల దాకా రావడానికి వీలు కలిగింది. 2016 డిసెంబర్‌లో వచ్చిన నియమాలతో, తగిన పరికరాలు, శిక్షణ ఉంటే, చక్రాలు తాకేదాకా ఆ బొమ్మ మీదే రావచ్చు. సింథటిక్ విజన్‌కి కూడా చిన్న కిటికీ తెరిచారు. గట్టి నిఘా వ్యవస్థలు, ఐఎల్‌ఎస్ తోడు ఉంటే 200కి బదులు 150 అడుగుల దాకా రానిస్తారు. ఇరవై ఏళ్ల శ్రమకు దొరికింది యాభై అడుగులే. ఆ జాగ్రత్త సరైనదే.

అలాగని కెమెరా అన్నిటినీ జయించిందనుకోకూడదు. పరారుణ కాంతి పొగలో, దుమ్ములో, పలచటి మంచులో బాగా చూస్తుంది. దట్టమైన పొగమంచులోని నీటి బిందువులు మాత్రం ఆ కాంతి తరంగం కన్నా పెద్దవి. అక్కడ కెమెరా చూపు కూడా మన చూపులాగే చెదిరిపోతుంది. పైగా ఎవరూ ముందు ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. పాత రన్‌వే బల్బులు వెలుగు కన్నా వేడి ఎక్కువ ఇచ్చేవి. పరారుణ కెమెరా పట్టుకునేది ఆ వేడినే. కరెంటు ఆదా కోసం విమానాశ్రయాలు ఎల్‌ఈడీ లైట్లు పెట్టడం మొదలెట్టాయి. మన కంటికి అవి ఇంకా తెల్లగా, ఇంకా బాగా కనిపిస్తాయి, కెమెరాకు మాత్రం ఆరిపోయిన దీపాలే. కెమెరా తయారీదారులు మామూలు కాంతిని పట్టే సెన్సర్లను కూడా కలిపి కొత్త కెమెరాలు చేయాల్సి వచ్చింది.

మరి మనం ఎక్కే పెద్ద విమానాల్లో సింథటిక్ విజన్ ఎందుకు అరుదు? అవి ఈ సమస్యను వేరే దారిలో, చాలా ముందే పరిష్కరించుకున్నాయి. 1965 జూన్ 10న లండన్ హీత్రూలో ప్రయాణికులతో వచ్చిన బ్రిటిష్ విమాన సంస్థ బీఈఏ ట్రైడెంట్ విమానాన్ని ఆటోపైలట్టే నేలకు ఆనించింది. బొమ్మతో పనిలేదు. ఐఎల్‌ఎస్ కిరణాన్ని పట్టుకుని, రేడియో ఆల్టిమీటర్‌తో ఎత్తు కొలుచుకుంటూ, ఒకటి చెడితే ఇంకొకటి అందుకునేలా జతలు జతలుగా పెట్టిన ఆటోపైలట్లు విమానాన్ని దించుతాయి. దీనికి విమానం ఒక్కటే సిద్ధంగా ఉంటే చాలదు. నేల మీద మెరుగైన ఐఎల్‌ఎస్, దానికి అడ్డం రాకుండా కాపాడే ఖాళీ స్థలం, రన్‌వే మధ్యగీత పొడవునా దీపాలు, శిక్షణ పొందిన పైలట్లు, అన్నీ కుదరాలి. ఒక్కటి లోపించినా పని జరగదు. 2023 డిసెంబర్ చివర్లో ఢిల్లీ పొగమంచులో విమానాలు పెద్ద సంఖ్యలో దారి మళ్లాయి. రన్‌వే సిద్ధంగా ఉన్నా క్యాట్-3 శిక్షణ పొందిన పైలట్లను డ్యూటీలో వేయలేదని రెండు విమాన సంస్థలకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెరో 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. అంత ఖర్చు, అంత ఏర్పాటు రోజుకు పది, ఇరవై విమానాలు వచ్చే ఊళ్లకు పెట్టలేరు. ఏడాదిలో కొన్ని వారాల మంచు కోసం అసలే పెట్టరు. గన్నవరం లాంటి చోట్ల విమానాలు ఇంకా చక్కర్లు కొట్టడానికి కారణం సాంకేతికత లేకపోవడం కాదు, అది ఇంత ఖరీదైనది కావడం.

చిన్న విమానాశ్రయాలకు ఆశ కలిగించేది నేల మీద ఐఎల్‌ఎస్ లేకుండానే ఉపగ్రహాల సాయంతో దిగే పద్ధతి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ జీపీఎస్ లెక్కలోని తప్పులను సరిదిద్ది మన ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం గగన్ చూపిన దారిలో దిగింది. ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో అలా జరగడం అదే మొదటిసారి. గగన్‌తో విమానం తానెక్కడుందో నమ్మకంగా చెప్పగలిగితే, సింథటిక్ విజన్ బొమ్మ కూడా అంత నమ్మకంగా ఉంటుంది. కడప, రాజమండ్రి లాంటి ఊళ్లకు ఈ జోడీ ఎంతో మేలు చేయగలదు. ముందే చెప్పినట్టు 200 అడుగుల కింద కాదు. ఆ 200 అడుగుల దాకా కుదురుగా, కొండకు దూరంగా, సరైన వాలులో వచ్చేలా చేయడంలో.

అయితే ఈ పద్ధతి మొత్తం నిలబడింది జీపీఎస్ మీద. ఆ నేలే ఇప్పుడు కదులుతోంది. 2023 శరదృతువు నుంచి పశ్చిమాసియా మీదుగా వెళ్లే విమానాలకు నకిలీ జీపీఎస్ సంకేతాలు తగులుతున్నాయి. విమానం తాను వందల కిలోమీటర్ల అవతల ఉన్నానని నమ్మేస్తుంది. ఎంతో ఎత్తులో వెళ్తున్నప్పుడు "పుల్ అప్" అని కొండ హెచ్చరిక మోగిన సందర్భాలు ఉన్నాయి. యుద్ధం జరిగే చోట్లకే ఇది పరిమితం అనుకున్నారు. 2025 నవంబర్‌లో ఢిల్లీ పరిసరాల్లో కూడా అలాంటి సంకేతాలు వచ్చాయి. జీపీఎస్ పద్ధతిలో దిగుతున్న విమానాలకు అవి ఎదురైనట్టు కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఐఎల్‌ఎస్‌తో దిగేవాళ్లకు ఇబ్బంది రాలేదు. సింథటిక్ విజన్‌కి నకిలీ సంకేతం అందితే అది ఇంకో ఊరి కొండలను, ఇంకో ఊరి నేలను అదే స్పష్టతతో గీస్తుంది. ఇందాకటి చీకటి ఇంటి పోలికలో చెప్పాలంటే, స్టూలు అడ్డం పెట్టడం దాటి, మనిషిని నిద్రలో వేరే ఇంటికి మార్చేసినట్టు.

అందుకే ఇప్పుడు తయారీదారులు జ్ఞాపకాన్నీ చూపునూ ఒకే పలక మీదికి తెస్తున్నారు. దస్సో కంపెనీ ఫాల్కన్ జెట్‌లలో 2016 నుంచి ఇలాంటి హెడ్-అప్ డిస్‌ప్లే ఉంది. పైలట్ కళ్ల ముందు గాజు పలక. అందులో ఒక భాగంలో డేటాబేస్ గీసిన కొండలు, మరో భాగంలో కెమెరాలు చూస్తున్న దృశ్యం. ఆ రెండిటి మధ్య గీతను పైలట్ తనకు కావాల్సినట్టు జరుపుకోవచ్చు. పైన ఎత్తులో ఉన్నప్పుడు గీసిన కొండలే ఎక్కువ. దిగే కొద్దీ కెమెరా వాటా పెరుగుతుంది. 300 అడుగుల దగ్గర మంచులోంచి కెమెరాకు మొదటి దీపాలు చుక్కలుగా అందుతాయి. ఆ చుక్కలు డేటాబేస్ గీసిన రన్‌వే మీదికి సరిగ్గా వచ్చి కూర్చుంటే, గుర్తున్నదీ చూస్తున్నదీ ఒకటే అయినట్టు, ఇంకా కిందికి రావచ్చు. చుక్కలు ఒక పక్కకు, గీత ఒక పక్కకు ఉంటే పవర్ లీవర్లు ముందుకు తోసి పైకి లేచిపోవాలి.